వక్క

పలమనేరుకు పైన, రాతి కూసానికి
గురమ్మవ్వ పుల్లిని కట్టేసింది.
పుంగనూరు జాతి. నా నడుముకు రాదు,
తోక మాత్రం నేల ఊడుస్తుంది.

ఐసుపెట్టెలోంచి గాలికుంటు సీసా తీసి ఊపుతా ఉన్నాను.
వ్యాక్సిన్ అంటే ఏందిమే, అని అడిగింది అవ్వ.
ఆవుది అని అర్థమవ్వా.
పాత రోములో ఆవును వక్కా అనేవాళ్ళంట.

అవ్వ నోట్లో వక్క ఒక దవడ నుంచి ఇంకో దవడకు పోయింది.
"వక్కా? ఆకులోకి ఏసుకునేదా?"

తిరుపతిలో పశువుల డిప్లొమా చదివేటప్పుడు
హాస్టల్లో నిద్రపట్టని రాత్రులు
అట్టలు ఊడిన ఒక నిఘంటువు నాకు దోమతెర.
అందులో చూశాను, ఆ వక్క ఎన్ని ఈతలు ఈనిందో.
స్పెయిను వాళ్ళ దొడ్లో అది బాకా.
ఊదేది కాదవ్వా, పితికేది.
పోర్చుగల్లో వాక. వానాకాలం మన వంక పారినట్టు.
ఇటలీలో తల్లి పోలిక చెడలేదు, ఆ ఒత్తు అట్లే ఉంది.
రుమేనియా వాళ్ళు చివరి అచ్చును గొంతులోనే సగం మింగుతారు.
ఫ్రాన్సుకు చేరేసరికి తోక తెగి
వాష్!
కల్లంలో మూతి పెట్టిన గొడ్డును అదిలించినట్టు.

అవ్వ ఎర్రగా నవ్వింది.
"మా యింట్లోనూ అంతే కదమే.
అరవ కోడలు మాడంటాది, కోలారు అల్లుడు హసువంటాడు,
పాలు మాత్రం ఒకే చెంబులోకి.
అవునూ, అంతమందిని కన్న తల్లి ఇప్పుడు యాడుండాది?"

ఒట్టిపోయిందవ్వా.
ఆ మాటల్లో పాలు అడిగే పిల్లలు ఏ ఇంట్లోనూ లేరు.

"ఒట్టిపోతే అమ్మేసినారా?"

నాకు జవాబు రాలేదు.
సంత మరునాడు చీకట్నే
మొగిలి కనుమ దిగే లారీలు, టార్పాలిన్ కింద కొమ్ములు.

ఇంకో సంగతి అవ్వకు చెప్పలేదు.
ఇటలీలో ఆడదాన్ని వక్కా అంటే బూతు.
ఇక్కడ ఆవులాంటి పిల్ల అంటే మెప్పు.
ఆ మెప్పుతోనే మా అక్కను కుప్పంలో ఇచ్చినారు.
మాట ఏదైనా పలుపు పలుపే.

మెడ పక్కన తోలు పట్టి సూది దించాను.
ఈగ వాలినట్టు పుల్లి ఒళ్ళు ఒక్కసారి జలదరించింది.
ఎప్పుడో ఏ దొరల దేశంలోనో
ఆవు పొదుగు మీద పొక్కులోంచి పుట్టిన మాట,
తిరిగి తిరిగి ఆవులోకే పోయింది.

రిజిస్టర్లో చెవిపోగు నంబరు, వయసు, ఈతలు.
పేరుకు గడి లేదు.
అంచు మీద పెన్సిలుతో రాశాను: పుల్లి.

పలుపు విప్పి అవ్వ, నాకోసమేమో,
"వక్కా, నడువు" అంది.
రెండువేల ఏండ్ల మాట. ఆవు కదల్లేదు.
"పుల్లీ" అంది మెల్లిగా.
చెవి తిరిగింది.

పోతా పోతా నా చేతిలో ఆకూ వక్కా పెట్టింది.
సున్నం ఎక్కువై
పక్క ఊరు చేరేదాకా నాలుక మండింది.