మూడో ప్రయత్నం

టెక్కలి మీసేవకి నవంబరు నెలంతా
బతికున్నవాళ్ళు వచ్చి
బతికున్నామని వేలు పెట్టి పోతుంటారు.
పెట్టించడం నా ఉద్యోగం.

సార్జెంట్ బమ్మిడి తవిటినాయుడు, వాయుసేన,
ఇంజను ఫిట్టరు, రిటైరు.
బొటనవేలు గాజు మీద ఆనించాడు.
ఎర్రలైటు.
మళ్ళీ. ఎర్రలైటే.
"సరిపోలలేదు" అంది తెర.

"పోల్దమ్మా. దాని తోలు లేహ్‌లో ఉండిపోనాది."

సున్నాకి ముప్పై మెట్లు కింద చలి.
రాత్రిళ్ళు బేటరీలు ఊడదీసి
బాలింత పక్కన బిడ్డల్లా
బుఖారీ పక్కన పడుకోబెట్టేవారట.
నూనె ముదురుపాకమై సాగేదట.
ఇంజను మీద కేన్వాసు కప్పి
తొండమంత గొట్టంతో లోపలికి వేడిగాలి పట్టి
రెక్కని చేత్తో తిప్పి చూడాలి,
బిర్రబిగిస్తే ఇంకా వేళ కాలేదని.
ఓ తెల్లారుజామున జోడు తీసి
వట్టి చేత్తో నట్టు బిగించాడు.
లోహం వేలిని వదల్లేదు.
లాక్కుంటే ముద్ర అక్కడ, మనిషి ఇక్కడ.

"నా వేలిముద్రేసుకుని
ఎన్ని కొండలు దాటినాదో ఆ యిమానం.
ఇప్పుడే తుక్కులో ఉందో."

వెనక కుల ధ్రువీకరణకొచ్చిన కుర్రాడు
సర్వరు పోద్ది మేడమ్ అని గొణిగాడు.
నేను మూడోసారి నొక్కబోయాను.

"ఒగ్గీ.
రెండుసార్లు అందుకోకపోతే ఎంటనే కొట్టకూడదు.
మంట లెగుస్తాది, చక్రం తిరగదు,
సూది ఎర్రగీత దాటిపోతాది.
ముందు సల్లారనీ. తరవాత ఎచ్చబెట్టు."

అంత చలిలోనూ చల్లారనివ్వడమా!
నవ్వొచ్చింది. నవ్వలేదు.

ఫ్యాను ఆపమన్నాడు, ఆపాను.
ఎన్ని చుట్లకి నిలబడుతుందో
తలెత్తి లెక్కపెట్టి
"బేరింగు పోనాది" అన్నాడు.

ఎదురు బడ్డీ నుంచి టీ తెప్పించాను.
ఆయన తాగలేదు.
గాజు గ్లాసు చుట్టూ వేలు చుట్టి కూర్చున్నాడు.
నాకు తెలీకుండానే నేను
స్కానరు గాజు మీద ఊపిరి ఊది
చున్నీతో తుడుస్తున్నాను.

"ఊఁ" అన్నాడు కాసేపటికి.
హిందీలో పది లెక్కపెట్టి
వేలు పెట్టాడు.

తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.
కుర్రాడు కూడా మెడ సాచి చూస్తున్నాడు.
ఆయన ఒక్కడే చూడటం లేదు.
కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చి
వింటున్నాడు,
అందుకుంటుందా అని.