ఆరేదాకా

వాల్దివియాలో జులై అంటే వానే.
రేకు కప్పుకి పగలూ రాత్రీ నోరు మూతపడదు.
ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్దకడుతుంది,
తాడు మీది తువ్వాలు
మూడో రోజుకీ బరువు దిగదు.
ఇలాంటి ఊళ్లో నాకు
గాలికి ఆరే మట్టి రాసిచ్చింది మరిసెల్,
ఆసుపత్రిలో చేతులకి కసరత్తు చెప్పే పిల్ల.

మార్చిలో గొలుసు జారి
పడవ ఇంజను నా మణికట్టు మీద కూచుంది.
కట్టు విప్పాక చూస్తే చెయ్యి
పక్కింటివాళ్లు మర్చిపోయి వెళ్లిన వస్తువులా
నా ఒళ్లో పడి ఉంది.
"పిసకండి ఎవారిస్తో గారూ,
ఏదో ఒకటి చెయ్యండి,
ఏమీ కాకపోయినా పిసకండి."

పాకెట్ కోస్తే తెల్లటి ముద్ద,
కొత్త జున్నంత చల్లన.
మొదటి వారం నేను చేసిందల్లా
అయిదు వేళ్ల గుంటలు.
రాయెన్ దాన్ని రేడియో పక్కన నిలబెట్టి
"కప్ప" అంది.
ఏడేళ్ల పిల్లతో వాదన దేనికి, కప్పే.

రెండో వారం సీసాతో రొట్టెలా వత్తాను.
పెరట్లోంచి తడి ఫెర్న్ ఆకు తెచ్చి పరిచింది రాయెన్.
బొటనవేలితో అదిమితే
నొప్పి మోచేతి దాకా పాకింది.
ఆకు లేపి చూశాం —
ఈనెలన్నీ ఉన్నాయి,
ఆకు లేదు.
వైన్ గ్లాసు మూతితో గుండ్రాలు కోశాం,
స్ట్రాతో చిల్లులు పొడిచాం,
కిటికీ దండకి పద్నాలుగు బిళ్లలు.
ఇక ఆరడమే తరువాయి.

ఆరవు.
నాలుగు రోజులైనా ఆరవు.
పైకి పొడిగా నవ్వుతాయి,
తిరగేస్తే వీపంతా చెమట.
ఓపిక నాకు ఇంజన్ల దగ్గరే ఉంది.
ఎవరూ చూడకుండా కట్టెల పొయ్యి మీదకి చేర్చాను.
అర్ధరాత్రి
ఎవరో వేళ్లు విరుచుకున్న చప్పుడు.
పద్నాలుగింటిలో ఆరు
ఆరకుండానే పగిలాయి.

ఒతీలియా తిట్టలేదు. అదే బాధ.
చేపల్ని పొగబెట్టి బజారులో అమ్మే మనిషి,
ఆమెకి ఆరడమంటే ఏమిటో తెలుసు.
"తొందరపెడితే పైన చర్మం బిగుస్తుంది,
లోపలి నీళ్లకి దారి ఉండదు" అంది,
చేప గురించో, మట్టి గురించో, నా గురించో.
తన ఇనుప జల్లెడ తెచ్చి
పొయ్యికి నాలుగడుగులు ఎడంగా పెట్టింది.
"రోజూ పొద్దున్నే తిరగెయ్యి. ఆ చేత్తోనే."

తిరగేశాను.
అరచెయ్యి కిందకి, బిళ్ల పట్టుకుని,
అరచెయ్యి పైకి.
మొదట్లో భుజం ఎత్తి దొంగాట ఆడాను.
పద్నాలుగు సార్లు పొద్దున, పద్నాలుగు సార్లు రాత్రి,
పగిలిన ఆరింటితో సహా.
వాటి సందుల్లో పల్చగా కలిపిన మట్టి నింపి
తడి వేలితో రాశాను,
అతుకులు కనబడుతూనే ఉన్నాయి.
ఆగస్టులో మరిసెల్ నా చేతి వంపు కొలిచి
స్కేలు రెండోసారి పెట్టి చూసింది.

ఆరిందో లేదో
చెంపకి ఆనించి చెబుతుంది ఒతీలియా,
చల్లగా తగిలితే ఇంకా లోపల నీరున్నట్టే.
ఒక్కొక్కటే ఆనించి పక్కన పెట్టింది,
ఊఁ, ఊఁ, ఊఁ,
పద్నాలుగూ అయ్యాక
నా మణికట్టు లాక్కుని ఆనించుకుంది.
చాలాసేపు ఏమీ అనలేదు.
చేప వాసన, పొగ వాసన.
"ఇది ఇంకో వారం పడుతుంది" అంది.

దండ ఇప్పుడు కిటికీకి ఉంది.
కాల్చని మట్టి కదా, చుక్క పడితే మెత్తబడుతుంది.
ఒక్క గాజు పలక అవతల
వాన దాన్ని రోజంతా తడుముతోంది.
మెరుగు నూనె రాద్దామా అంటే
రాయెన్ ఒప్పుకోవడం లేదు,
మెరిస్తే ఫెర్న్‌లా ఉండదట.

కప్ప మాత్రం రేడియో పక్కనే.
పొట్ట లావు, నడుమ ఇంకా పచ్చి.
దాన్ని కూడా తిప్పుతున్నాను.