తూకపురాయి

పర్లాకిమిడిలో నేను అద్దెకున్న ఇల్లు
తూనికలు కొలతల శాఖలో చేసి దిగిపోయిన పురుషోత్తం గారిది.
వసారా మూల గోనెసంచి నిండా ఇనప రాళ్లు.
అయిదు కిలోలది, రెండుది, కిలో, అరకిలో,
ఒక్కోదాని అడుగున సీసం గుంట, అందులో ఏడాది ముద్ర.
సంతల్లో పట్టుకున్న దొంగరాళ్లట.
పారేయడానికి మనసొప్పలేదట.

కాలేజీ మైదానం నుంచి రాత్రిళ్లు బెలూను వదుల్తాం.
దాని కింద తెల్లటి డబ్బా,
డబ్బాలో చిటికెన వేలి గోరంత అద్దం.
పైకి పోతూ పోతూ అద్దం చల్లబడుతుంది.
ఏ చలిలో దానిమీద మంచు పడుతుందో
అదే అక్కడి నీటి లెక్క.
పది లక్షల అణువుల్లో నాలుగు. ఒక్కోసారి అయిదు.

ఉపగ్రహం లెక్క వేరు.
భూమి అంచున సూర్యుడు మునుగుతుంటే
వచ్చే వెలుగులో ఏ రంగు ఎంత తగ్గిందో చూసి
నీటికింత, ధూళికింత అని పంచుతుంది.
పంపకంలోనే పేచీ.

ఎక్కడో సముద్రాల అవతల ఒక కొండ పేలింది.
దాని గంధకపు పొగ మేఘాలు దాటి,
వాన కూడా అందుకోలేని చోటికి చేరి,
సన్నటి చుక్కలై ఏడు నెలలుగా తేలుతోంది.
తెల్లారే ముందు మహేంద్రగిరి మీద
ఆకాశం వంకాయ రంగులోకి తిరిగేది అందుకే.
చూడ్డానికి బాగుంటుంది.
నా పట్టికలకే బాగుండదు.
ధూళి వాటా నీటి ఖాతాలో పడుతోందేమో!
పద్దెనిమిది కిలోమీటర్ల ఎత్తులో
మా అద్దం నాలుగున్నర అంటే
అది ఆరు అంటోంది.

మేం బెలూను వదిలింది రాత్రి పదింటికి.
అది చూసింది పొద్దు గూకేవేళ,
నాలుగొందల కిలోమీటర్ల అవతల, రాయపూర్ దాటి.
ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి
‘కలిసిన జత’ అని రాస్తాం.
రాసిన ప్రతిసారీ
పిల్లనీ పిల్లాణ్నీ చూడకుండా
ముహూర్తం పెట్టేసినట్టుంటుంది.

పురుషోత్తం గారికి చెప్పాను.
చుట్ట ఆర్పి, తాపీగా అడిగారు:
“అయితే మీ రాయికి ముద్ర ఎవులేస్తారు?”
ఢిల్లీలో అండీ. అద్దం చలిని అక్కడ సరిచూస్తారు.
“మరి ఢిల్లీ రాయికో?”
నీరూ మంచూ ఆవిరీ
మూడూ ఒక్కచోట కుదురుగా ఉండే చలి
ఒక్కటే ఉందండీ. దాన్ని బట్టి.
“అంటే నీటికి నీరే సాక్షి,” అన్నారు.
నవ్వలేదు. ఇంకో చుట్ట వెతుక్కున్నారు.

డబ్బా సెరంగో పై కొండల్లో పడింది.
తెచ్చిచ్చింది సుకొంతి రైతా, సవర మనిషి,
సంతకొచ్చే చింతపండు మూటమీద కట్టుకుని.
ఒడియాలో మొదలెట్టి తెలుగులో ముగించే మాట.
“పైన నీళ్లున్నాయా?”
ఉన్నాయి. పది లక్షల్లో నాలుగు పాళ్లు.
“ఎండాకాలం మా ఊటా అంతే,” అని
నేనిచ్చిన రెండొందల చిల్లర నోట్లు
ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
నేనేమీ అనుకోలేదు.
నాకు జీతమిచ్చేది ఆ పనికే.

డబ్బా విప్పితే
గొట్టం లోపలి అంచున తెల్లటి మరక.
కింద మేఘంలో తడిసి
ఆ తడినే మోసుకుంటూ పైకి పోయి
తన చెమ్మని తానే కొలుచుకుంది మా అద్దం.
ఇరవై నాలుగు కిలోమీటర్ల పైనున్న అంకెలన్నీ కొట్టేశాను.
పద్దెనిమిది దగ్గరిది ఉంచాను.
ఉంచొచ్చా?
నాణ్యత గడిలో సున్నా అంటే నమ్మొచ్చు,
ఒకటి అంటే చూసి నమ్మాలి,
రెండు అంటే వద్దు.
ఉపగ్రహానికి ఒకటి వేశాను.
చాలాసేపు కూర్చుని, మాదానికీ ఒకటే.

అలికిడికి లేచినట్టున్నారు పురుషోత్తం గారు.
సంచిలో చెయ్యి పెట్టి కిలో రాయొకటి తీసి
నా బల్లమీద పెట్టారు.
“నలభై గ్రాములు తక్కువమ్మా ఇది.
తొంభై ఒకటిలో కాశీనగరం సంతలో దొరికింది.
ఎంత తక్కువో తెలిసిపోయాక
దీనితో కూడా తూచొచ్చు.”

ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి.
రాయి వాటిమీదికి జరిపి
మళ్లీ మొదటి వరస నుంచి చూస్తున్నాను,
అన్ని రాత్రుల్లోనూ ఆ తేడా అంతేనా అని.