అలవాటులో పొరపాటు

బ్ర్నో నగరంలో
కొండమీది పెద్ద చర్చి
పదకొండింటికే పన్నెండు కొడుతుంది.
మూడువందల డెబ్బై, ఎనభై ఏళ్ళుగా ఇంతే.
ముట్టడికొచ్చిన సైన్యం
మధ్యాహ్నందాకా చూసి పోతానన్నదట.
ఎవరో గంట ముందే తాడు లాగారట.
సైన్యం పోయింది, మోత మిగిలింది.
దాన్ని విని ఇక్కడెవరూ గడియారం దిద్దుకోరు.
దాన్నీ దిద్దరు.

ఆ మోత వినబడే కిటికీ పక్కన కూచుని
నేను కంట్రోల్-జెడ్ మార్చాను.

బోహుమీర్ ఈ ఎడిటర్ రాసిన చలికాలంలో
అతని దగ్గరున్నది ఒక్కటే కీబోర్డు, చెక్ కీబోర్డు.
ఎడమ అడుగుమూలన,
చిటికెనవేలు కునుకుతీసే చోటి పక్కన
దానికి ఉండేది జెడ్ కాదు, వై.
చేసిన తప్పు వెనక్కి తీసుకునే దారి
చేతికి దగ్గరగా ఉండాలన్నాడు.
వై కి ఇచ్చాడు.
ఎక్కడో పైవరుసలో జెడ్ ఖాళీగా ఉంది కదాని
వరుస మొత్తం చెరిపేసే పని దానికి అప్పజెప్పాడు.
అంతే. అందులో వేదాంతం లేదు.
తర్వాత వచ్చినవాళ్ళం రాశాం వేదాంతం,
నలభై పేజీలు.
అందులో నాలుగు నావే.

లోకం కీబోర్డు వేరు.
లీమాలో ఒక కుర్రాడు, సూవాలో ఒక నర్సు
తప్పు కొట్టి, నాలుక కరుచుకుని,
వెనక్కి తీసుకుందామని జెడ్ నొక్కితే
ఇంకో వరుస మాయం.
కంగారుపడి మళ్ళీ నొక్కితే
మరొకటి.
గోతిలోంచి బయటపడాలని
గోయి తవ్వుకుంటూ పోయినట్టు.
"మీ ఎడిటర్‌కి నామీద ఏం కోపం?"
అని రాసింది నర్సు.
ఇరవై రోజులు జవాబు కుదరలేదు నాకు.

మార్పు ఎంతా అంటే, రెండు వరుసలు.
పోట్లాట, ఏడు నెలలు.
"మా వేళ్ళకు ముప్పై ఏళ్ళు నిండాయి" అన్నాడొకడు,
వేళ్ళు వేరే మనుషులైనట్టు.
వేరే మనుషులే.
తలకి చెబితే వింటుంది, ఒప్పుకుంటుంది,
కావాలంటే సంతకం కూడా పెడుతుంది.
వేలికి చెప్పి చూడండి.

చివరికి బోహుమీర్‌కే ఫోన్ చేశాను.
ఆపిల్ కొమ్మలు కత్తిరిస్తున్నాడు, రొప్పుతున్నాడు.
గొంతు సవరించుకుని, క్షమాపణలాంటిదేదో మొదలెట్టాను.
"ఇంకా అలాగే ఉందా అది?" అన్నాడు.
ఆ కీబోర్డు పారేసి ఇరవై ఏళ్ళట.
తనిప్పుడు వాడేది
ఇంకెవరిదో ఎడిటరట.

కొత్త రూపు బయటికి పంపిన రోజు
ఆ సంగతి చాటే నాలుగు వాక్యాల్లోనే
మూడుసార్లు పాత మీట నొక్కాను నేను.
ఎవరికీ చెప్పలేదు.

మూడోనాడు ద్రహోమీర.
ట్రామ్ డిపోలో ప్రమాదాల చిట్టా రాసే మనిషి,
మీటల వంక చూడకుండా, గోడ వంక చూస్తూ కొట్టే మనిషి.
"చెరిపెయ్యమంటే
ఇందాక చెరిపిందాన్నే తెచ్చి ముందు పెట్టింది నీ ప్రోగ్రాం."
ఏ వరుసండీ?
కుర్చీ కిర్రుమంది. కళ్ళజోడు వెతుక్కున్నట్టుంది.
"డ్రైవరు గంట కొట్టాడు. ఆ మనిషి వెనక్కి తిరగలేదు."
ఒక్క క్షణం ఆగింది.
"అనవసరం అనిపించి తీసేశాను."
మళ్ళీ తీసేశారా?
"ఉంచాను" అంది విసుగ్గా.
"పాత పద్ధతి ఎలా తెచ్చుకోవాలో అది చెప్పు ముందు."

సెట్టింగుల్లో ఒక్క వరుస.
అక్షరమక్షరం చెప్పాను, ఆమె రాసుకుంది,
తిరిగి చదివి వినిపించింది, ఒక కామా దిద్దాను.
అప్పుడే నా కిటికీలో పన్నెండు మొదలైంది,
ఫోనులో, రెప్పపాటు వెనగ్గా, ఆమె కిటికీలోనూ.
ఇద్దరం మాట్లాడకుండా అయ్యేదాకా ఆగాం.
"పదకొండైంది, టీకి పోవాలి" అని
పెట్టేసింది.