వెన్ను మీద చెయ్యి

మొదటిరోజు ఆ పిల్ల నన్ను కళ్ళు మూసుకోమంది.
ఉన్ని కత్తిరించే షెడ్డులో పదకొండుమంది రైతులం,
నలభై ఏళ్ళుగా గొర్రెల్ని చూపుతోనే తూచినవాళ్ళం,
గమ్‌బూట్లలో వేళ్ళు ముడుచుకుని నవ్వుకున్నాం.
రావీనియా నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని
ఒక ముసలి గొర్రె నడుం మీద పెట్టింది.

బయటికి దూదిబస్తా.
వేళ్ళ కింద మాత్రం
పిడికిలి బిగిస్తే లేచే కణుపుల్లాంటి ఎముకలు.
పైన పటారం, లోన లొటారం.
"ఐదుకి రెండు మార్కులు. మూడు లేకపోతే ఇది కవలల్ని మొయ్యలేదు.
ఉన్నికి అబద్ధమాడటం అలవాటు, క్లెమ్.
చెయ్యి దాని మాట నమ్మదు."

అప్పటిదాకా నేను ఆ సంఘాన్ని తిట్టని సంతరోజు లేదు.
అమ్మిన ప్రతి గొర్రె మీదా, ప్రతి కోడె మీదా
కొన్ని సెంట్లు కోసుకుంటారు.
రసీదులో చివరి వరస అది.
నేను మొదట చదివేదీ అదే.

దానికి ముందు మార్చిలో,
మా దక్షిణాన ఎండలు వెనక్కి తగ్గే నెలలో,
వాన పడి వెచ్చగా నిలిచిపోయిన ఒక వారం
నలభై ఒక్క గొర్రెలు కంచె నీడలో తలలు దాచుకున్నాయి.
చెవులు బరువెక్కి వేలాడాయి.
ముఖాల మీద తోలు అట్టలు కట్టి లేచింది.
గడ్డి పచ్చగానే ఉంది.
దాని మొదట్లో ఎండిన ఆకుల్లో బూజు,
బూజు కాల్చిన కాలేయం,
కాలేయం చెడ్డాక వెలుతురే విషం.
ఇదంతా తర్వాత నేర్చుకున్నాను.
ఆరోజు నాకు తెలిసిన వైద్యం తుపాకీ ఒక్కటే.
మోయిరా తూటాలు లెక్కపెట్టి అందించింది,
లెక్క పైకి చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి మంగళవారం గడ్డి కోసి సంచిలో పంపుతాం.
ఊళ్ళో ఒక గదిలో టాసి అనే కుర్రాడు
మైక్రోస్కోపుకి కన్ను ఆనించి బూజు గింజలు లెక్కపెడతాడట.
నేనతన్ని చూడలేదు.
సాయంత్రానికి ఫోన్లో ఒక అంకె వస్తుంది.
చిన్నదైతే నిద్ర.
పెద్దదైతే రాత్రికి రాత్రే మందని పై పొలానికి తోలాలి, జింకు పట్టాలి.
ఆ అంకె వచ్చేదాకా మోయిరా టీ పొయ్యదు.

బూజుకి లొంగని వంశం కోసం పొట్టేళ్ళని పరీక్షిస్తున్నారు.
పదిహేనేళ్ళు పడుతుందట.
నాకు డెబ్బై ఒకటి.
రెండు పొట్టేళ్ళని ఇచ్చాను.

తర్వాతి ఏడు కొండవాలు నిబంధన వచ్చింది.
మ్యాపులో నా వెనక కొండకి నారింజ రంగు పూశారు:
పశువులు ఎక్కకూడదు, కంచె వెయ్యాలి.
పూసినవాడు ఒక్కసారి ఆ కొండ ఎక్కి ఉంటే
గుంజ దిగదని తెలిసేది. కింద అంతా రాయే.
రావీనియా నన్ను వెల్లింగ్టన్ తీసుకెళ్ళింది.
దారిలో నా కాగితం నాలుగుసార్లు చదివించింది,
తిట్టు వచ్చిన చోటల్లా కారు అద్దం దింపి
బయటికి పొమ్మంది, తిట్టుని.

ఆ గదిలో తివాచీ మీద నా బూట్లు చప్పుడు చెయ్యలేదు.
కమిటీలో ఒకావిడ అడిగింది, వాలు ఎంతుంటుందని.
డిగ్రీలు గుర్తురాలేదు.
"కుక్క కూర్చుంటే జారుతుందమ్మా."
ఎవరో నవ్వారు. ఆవిడ రాసుకుంది.

ఏడాదికి జవాబు వచ్చింది. అంతా అలాగే ఉంది,
"తప్పనిసరిగా" ఉన్న చోట "వీలున్న చోట" తప్ప.
కొండని తవ్వి ఎలుకని పట్టావన్నాడు పక్క పొలం డగల్.
ఆ ఎలుక మీదే నా అరవై ఆవులు మేస్తున్నాయన్నాను.

మొన్న ఆగస్టు, ఈనికల ముందు,
మంచువాన. తలదీపంలో బ్యాటరీ చచ్చింది.
చీకట్లోనే వరసంతా తడుముకుంటూ వెళ్ళాను.
మూడు, మూడు, రెండున్నర, మూడు.
చివర్న రావీనియా నిలబడి ఉంది.
చెయ్యి కలిపి వదల్లేదు,
బొటనవేలు నా మణికట్టు ఎముక మీద ఆగింది.
"నువ్వు రెండే, క్లెమ్."
వంటింటి కిటికీలోంచి మోయిరా:
"నెల్లాళ్ళుగా చెప్తున్నా!"

బక్కవాటిని వేరుచేసి మేపాలి అన్నది ఆ షెడ్డులో రెండో పాఠం.
నన్ను బల్ల చివరికి తోలారు ఇద్దరూ,
నా పళ్ళెంలోకి ఇంకో బంగాళాదుంప దొర్లింది.