ఆరో గురువారం

టాంపెరేలో నవంబరు. మూడున్నరకే చీకటి.
హిల్కా గదిలో మాత్రం
రాత్రి తొమ్మిదిదాకా ఒక నీలపు మధ్యాహ్నం,
మూడు వందల లీటర్ల గాజులో.

మొదట కనబడింది ఒక తెల్ల మచ్చ,
నారింజ రంగు పగడం అంచున,
చంటిపిల్ల కొరికి వదిలేసిన బిస్కెట్టులా.
ఉప్పు చూసింది. సున్నం చూసింది. వేడి చూసింది.
లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి.
మచ్చ మాత్రం మర్నాటికి బొటనవేలంతయింది.

నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి.
ఆగినదాన్ని చూస్తే
ఆపినది లోపలెక్కడో ఉంటుందని తెలుసు.
దీపాలార్పి, ఎర్ర టార్చి పట్టుకుని,
కంటికి పాత భూతద్దం బిగించి
గాజుకి ముక్కు ఆనించి కూచుంది.

ఒంటిగంట దాటాక
ఎముక కదిలింది.
ఎముక కాదు, నూకగింజంత నత్త.
చిప్ప లేదు. వీపంతా తెల్లని కుచ్చులు.
తాను తిని తెల్లబరిచిన చోటే
తెల్లగా పడుకుంది.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని విన్నాం.
ఇది వాసాల రంగే కప్పుకుంది.

గురువారం.
బకెట్లో ఉప్పునీళ్ళు, టీ రంగు వచ్చేదాకా అయోడిన్.
పగడాన్ని ముంచి పిచికారీతో ఊదితే
ఒకటి, నాలుగు, పదకొండు
గిలగిలా అడుక్కి రాలాయి.
హమ్మయ్య అనబోయి, తిరగేసి చూసింది.
నీడవైపు గుడ్లు.
జిగురులో, ఆవగింజ కంటే చిన్నవి.
ఏ మందూ గుడ్డులోకి దిగదు.
పట్టకారుతో, అరిగిన పళ్ళ బ్రష్షుతో
గడియారపు చక్రం తుడిచినట్టు గీకింది.
కంటపడనివి పొదుగుతాయి. అందుకే
క్యాలెండరులో మళ్ళీ గురువారం.
మళ్ళీ గురువారం.

మూడో వారం ఒక సందేహం పొదిగింది.
ఆ ముక్క ఇచ్చింది పై అంతస్తు తైస్తో.
సెప్టెంబరు చివర, కాఫీ కప్పులో పెట్టి తెచ్చాడు.
చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి సోదా చేస్తామా అని
వేరే తొట్టిలో నాలుగు వారాలైనా ఉంచకుండా
తిన్నగా లోపలికి దించుకుంది.

ఇప్పుడతనికి చెప్పాలి, నీవీ చూసుకో అని.
బకెట్టూ మందు సీసా పట్టుకుని మెట్లెక్కింది.
తలుపు సగమే తీసి
నీళ్ళు నమిలాడు తైస్తో.
అతని వెనక గాజుపెట్టెలో మాత్రం
చుక్క నీరు లేదు.
అడుగున ఉప్పు చార. అందులోనే
చలి దుప్పట్లు మడిచి పెట్టుకున్నాడు.

“ఎండాకాలంలోనే అన్నీ పోయాయి.
అదొక్కటే రంగుతో మిగిలింది.
నీ చేతులు నెమ్మదైనవి కదా అని...”

పురుగు సంగతి అప్పుడే తెలుసా
అని ఆమె అడగలేదు.
అతను చెప్పలేదు.
బకెట్టు మాత్రం ఆమె చేతిలోంచి అందుకున్నాడు.

ఆరో గురువారం, రెండు స్టూళ్ళు.
టార్చి అతని చేతిలో, పట్టకారు ఆమె చేతిలో.
ఎంత ఊదినా అడుక్కి ఏమీ రాలలేదు.
తెల్ల మచ్చ అంచున, చూసీ చూడనంత
సన్నని నారింజ గీత.

“అయిపోయిందా?” అన్నాడు.
ఆమె పగడాన్ని ఇంకోసారి తిరగేసింది.
“వచ్చే గురువారం చెప్తాను.”