పంటి బిగువు

ముందు వరసలో కూర్చోబెట్టారు నన్ను.
మెడ పట్టేసింది.
తెర మీద నా మొగుడు
మేడంత ఎత్తున నడిచొచ్చాడు.
థియోఫిలస్ గ్రేడీ!
బతికున్నప్పుడు ఐదడుగుల ఎనిమిదంగుళాలు.

బాగా తీశావు బాబూ, అబద్ధమెందుకు.
అక్రన్ వీధులు అచ్చం అలాగే ఉన్నాయి.
టైర్ల ఫ్యాక్టరీ పొగ కూడా చూపించావు.
వాసన రాలేదు, అది నీ తప్పు కాదు.

ఆయన మొదటిసారి మైదానంలోకి దిగినప్పుడు
నిమ్మపండు రంగు టోపీ పెట్టుకుని
స్టాండ్స్‌లో లేచి నిలబడ్డాను, నీ సినిమాలో.
ఆ టోపీ నాకు నచ్చింది.
ఆ రోజు నేను
హోటలు వెనక గదిలో
నూట నలభై దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను.
రేడియోలో అందరి పేర్లూ వరసగా చదివాడు,
ఆయన దగ్గరికొచ్చేసరికి
"సెకండ్ బేస్‌లో ఆ కొత్తవాడు" అన్నాడు.
ఇస్త్రీపెట్టె ఎత్తడం మరిచాను.
దుప్పటి మీద గోధుమరంగు మచ్చ.
జీతంలో డెబ్బై సెంట్లు కోశారు.
అది పెట్టాల్సింది సినిమాలో.

తర్వాత జనం కేకలు.
ఆ మాటల్లో సగమే వాడావు, సరే, పిల్లలు చూస్తారు.
ఆయన మొహం దగ్గరగా,
కళ్లు స్థిరంగా, మూసిన పెదాలు,
వెనకాల వయొలిన్లు.
నా వెనక ఎవరో ముక్కు చీదారు.

నాయనా,
నోరు మూసుకోవడంతో అయిపోతుందనుకున్నావు.
మూసిన నోట్లో ఏం జరుగుతుందో
పక్కలో పడుకున్నదాన్ని, నన్ను అడగలేదు.

పగలు ఎవరి మీదా నూరని పళ్లు
రాత్రి నిద్రలో నూరేవాడు.
జార్జియాలో మా నాన్న మొక్కజొన్న మర ఆడించేవాడు.
గింజలు అయిపోయాక కూడా మర ఆపకపోతే
ఒక చప్పుడొస్తుంది,
రాతిని రాయి తినే చప్పుడు.
నా దిండు పక్కన అదే.
ఆయన దవడ కింద అరచెయ్యి పెట్టి పడుకునేదాన్ని.
ఒక్కోసారి ఆగేది.
ఒక్కోసారి తెల్లారేదాకా
నా వేళ్లూ ఆడేవి దాంతోపాటు.

జూన్‌లో మొదటి దంతం చిట్లింది.
ఆగస్టులో దాని పక్కది.
మా వాళ్ల పళ్ల డాక్టరు విట్లో
దీపం పెట్టి చూసి
"ఏం కొరికావయ్యా, గులకరాళ్లా?" అన్నాడు.
"ఏమీ కొరకలేదు డాక్టర్,
అదే కదా బాధ."
నోట్లో నెత్తుటి దూదితో
ఇద్దరూ పగలబడి నవ్వారు. అంటే, దూది ఈయన నోట్లోనే.
ఆ ఏడాదంతా
నేను విన్న నవ్వు అదొక్కటే.

ఆయన లెక్కలన్నీ నీ దగ్గర ఉన్నాయట:
ఎన్ని పరుగులు, ఎన్ని క్యాచ్‌లు,
ఎన్నిసార్లు బేస్ దొంగిలించాడు.
ఇదీ రాసుకో, నాలుగు దంతాలు.
ముందు పన్ను ఒకటి బంతి తగిలి ఊడింది.
దాన్ని ఇందులో కలపను.
అది ఆటలో పోయింది.

దీపాలు వెలిగాక
ఆయన వేషం కట్టిన కుర్రాడు
వంగి నా చెయ్యి పట్టుకుని నవ్వాడు.
ముప్పై రెండూ ఉన్నాయి, తళతళా.
మంచి పిల్లాడు. వాణ్ణి ఏమీ అనను.
"ఎలా ఉందమ్మా?" అన్నావు నువ్వు.
బాగుందన్నాను.

లేవబోతే చేతిసంచిలో
బేకింగ్ పౌడర్ డబ్బా గలగలమంది.
"మందులా, నాయనమ్మా?" అంది లటీషా.
అవునన్నాను.
లోపలికి చెయ్యి పెట్టి
మూత బిగించాను.